చవక జీపీఎస్ నావిగేటర్‌ను కారులో వాడుకోవడం ఎలా? నల్గొండ, మహబూబ్‌నగర్ దారుల కోసం సమగ్ర మార్గదర్శి

హైదరాబాద్–శ్రీశైలం రహదారి మీద మన్ననూరు చెక్‌పోస్టు దాటి అమ్రాబాద్ అడవిలోకి ప్రవేశించిన తర్వాత, దోమలపెంట చేరేవరకు చాలాచోట్ల ఫోన్‌కు సిగ్నల్ అందదు. ఇంటర్నెట్ మీద ఆధారపడిన దారి సూచన అక్కడ మధ్యలోనే ఆగిపోవచ్చు. కారు అద్దానికి అమర్చుకునే చిన్న జీపీఎస్ నావిగేటర్‌కు ఈ ఇబ్బంది లేదు. పటం మొత్తం దాని లోపలే ఉంటుంది కాబట్టి సిమ్ కార్డు గానీ డేటా ప్యాక్ గానీ అవసరం రాదు. ఫోన్లు ఇంతగా వ్యాపించిన తర్వాత ఈ పరికరాలకు గిరాకీ తగ్గి, వాడినవి తక్కువ ధరకే దొరుకుతున్నాయి. అయితే ఎంచుకోవడంలోనూ సిద్ధం చేసుకోవడంలోనూ కొంత శ్రద్ధ పెట్టకపోతే, తక్కువ ధరకు కొన్న పరికరం తప్పుడు దారిలోకి తీసుకువెళ్లగలదు.

మొదట ఒక విషయంలో స్పష్టత ఉండాలి. నావిగేటర్‌లో రెండు వేర్వేరు పనులు జరుగుతాయి. మీరు ఎక్కడ ఉన్నారన్నది ఆకాశం నుంచి తెలుస్తుంది: భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలలో కనీసం నాలుగింటి సంకేతాలు అందితే, పరికరం మీ అక్షాంశాన్ని, రేఖాంశాన్ని, ఎత్తును లెక్కగడుతుంది. మీ ముందున్న రోడ్డు ఎటు పోతుందన్నది మాత్రం లోపలి మెమరీలో ఎప్పుడో నింపిన పటాన్ని బట్టి తెలుస్తుంది. మొదటి పనిలో చవక పరికరానికీ ఖరీదైన దానికీ కారు నడిపేవారు గుర్తించేంత తేడా సాధారణంగా ఉండదు. ఆరుబయట రెండూ కొద్ది మీటర్ల తేడాతో స్థానాన్ని చూపిస్తాయి. పొరపాట్లలో అధికభాగం రెండో పనిలో, అంటే పటంలోనే వస్తాయి. కింద చెప్పిన జాగ్రత్తల్లో చాలావరకు పటానికి సంబంధించినవి కావడానికి కారణం ఇదే.

కొనేముందు చూడవలసినవి

తెర పరిమాణం గురించి ఎక్కువగా ఆలోచించనవసరం లేదు. 4.3 అంగుళాల తెర కారుకు సరిపోతుంది. దృష్టి బాగా మందగించినవారు మాత్రం 5 అంగుళాలది చూసుకోవచ్చు. ట్రాఫిక్ సమాచారం, బ్లూటూత్, పాటలు వినిపించడం వంటి సదుపాయాలకు అదనంగా డబ్బు పెట్టడం దండగ అని నా అభిప్రాయం. దేవరకొండ దారిలో నావిగేటర్ చెప్పగలిగే ట్రాఫిక్ సమాచారం దాదాపు ఏమీ ఉండదు. ఇండియా పటం లోపల ఉందా, దాన్ని నవీకరించుకునే వీలు ఉందా, మెమరీ కార్డు పెట్టుకునే చోటు ఉందా అన్న మూడు ప్రశ్నలకు సమాధానం దొరికితే చాలు. విదేశాల నుంచి బంధువులు తెచ్చిచ్చిన పరికరాల్లో అమెరికా పటమో ఐరోపా పటమో మాత్రమే ఉంటుంది. వాటిని తెరిస్తే నల్గొండ ఉండవలసిన చోట ఖాళీ తెర కనిపిస్తుంది. గార్మిన్ అనే కంపెనీ పరికరాల్లో మోడల్ సంఖ్య చివర ‘ఎల్ఎమ్’ అన్న అక్షరాలు ఉంటే, ఆ పరికరానికి పటం నవీకరణలు ఉచితంగా వస్తాయని అర్థం. అవి ఏ ప్రాంతపు పటానికి వర్తిస్తాయో కూడా అడిగి తెలుసుకోవాలి.

వాడిన పరికరం కొంటున్నప్పుడు పటం వయసును తేల్చుకోవడానికి మన ప్రాంతంలో ఒక సులువైన పరీక్ష ఉంది. వెతుకులాటలో నల్గొండ అని కొట్టి, దాని పక్కన ఏ రాష్ట్రం పేరు వస్తుందో చూడండి. ఆంధ్రప్రదేశ్ అని వస్తే ఆ పటం 2014 జూన్ 2కు ముందటి సమాచారంతో తయారైనదని దాదాపుగా నిశ్చయించుకోవచ్చు. తెలంగాణ అని వచ్చినా, నాగర్‌కర్నూల్, వనపర్తి, సూర్యాపేట ఇంకా పాత జిల్లాల కిందే కనిపిస్తే అది 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడక మునుపటిది కావచ్చు. నారాయణపేట ప్రత్యేక జిల్లాగా కనిపిస్తే పటం 2019 తర్వాతి మార్పులను అందుకున్నట్టే. జిల్లా పేరు పాతదైనంత మాత్రాన కారు దారి తప్పదన్నది నిజమే. కానీ పేరు మారనిచోట ఆ తర్వాత వచ్చిన బైపాస్‌లు, వంతెనలు, వెడల్పు చేసిన రోడ్లు కూడా చేరి ఉండే అవకాశం తక్కువ.

రెండో పరీక్ష తేదీది. జీపీఎస్ వ్యవస్థ వారాలను 1,024 వరకు లెక్కపెట్టి మళ్లీ సున్నా నుంచి మొదలుపెడుతుంది. అలాంటి మలుపు 2019 ఏప్రిల్ 6న వచ్చింది. అప్పటి నుంచి సాఫ్ట్‌వేర్ నవీకరించని కొన్ని పాత పరికరాలు తేదీని దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి చూపిస్తాయి. స్థానం సరిగానే చూపినా, చేరే సమయం, పగలు–రాత్రి రంగుల మార్పు తప్పవచ్చు. కాబట్టి అమ్మేవారి ఇంటి ముందు ఆరుబయట నిలబడి, ఉపగ్రహాలు దొరికిన తర్వాత తేదీని ఒకసారి చూసి బేరం కుదుర్చుకోవడం మంచిది. భారతీయ వ్యవస్థ అయిన నావిక్‌ను పాత పరికరాలు అందుకోలేవు గానీ, కేవలం ఆ కారణంగా వాటిని పక్కన పెట్టనవసరం లేదు. కారు ప్రయాణానికి అమెరికా జీపీఎస్ ఒక్కటే సరిపోతుంది.

పటాన్ని నవీకరించడం

పరికరం ఇంటికి రాగానే చేయవలసిన పని, దాన్ని కంప్యూటర్‌కు కలిపి లోపలి ఫైళ్లన్నింటినీ ఒక ఫోల్డర్‌లోకి నకలు తీసి దాచుకోవడం. నవీకరణ మధ్యలో కరెంటు పోయినా కేబుల్ ఊడినా పటం చెడిపోవచ్చు. పాత నకలు చేతిలో ఉంటే తిరిగి మొదటికి రావచ్చు. ఆ తర్వాత తయారీదారు ఇచ్చిన నవీకరణ సాఫ్ట్‌వేర్‌ను, గార్మిన్ అయితే గార్మిన్ ఎక్స్‌ప్రెస్‌ను, కంప్యూటర్‌లో పెట్టుకుని ముందు పరికరపు సాఫ్ట్‌వేర్‌ను, తర్వాత పటాన్ని నవీకరించాలి. పటం ఫైలు పెద్దది కాబట్టి దీన్ని ప్రయాణానికి ముందురోజు రాత్రికి వాయిదా వేయకూడదు.

తయారీదారు నుంచి నవీకరణ ఆగిపోయిన గార్మిన్ పరికరాలకు మరో దారి ఉంది. ప్రజలందరూ కలిసి తయారుచేస్తున్న ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత పటాన్ని గార్మిన్ చదవగలిగే రూపంలోకి మార్చి అందించే వెబ్‌సైట్లు ఉన్నాయి. వాటిలో ఇండియా పటాన్ని డౌన్‌లోడ్ చేసుకుని, ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన మెమరీ కార్డులో ‘గార్మిన్’ అనే పేరుతో ఫోల్డర్ పెట్టి, అందులో ఆ ఫైలును ‘జీమ్యాప్‌సప్’ పేరుతో, ఐఎంజీ పొడిగింపుతో (gmapsupp.img) ఉంచాలి. ఫ్యాట్32లో ఒక్క ఫైలు 4 జీబీ మించకూడదు కాబట్టి అంతకన్నా చిన్న పటాన్నే ఎంచుకోవాలి. కార్డును పరికరంలో పెట్టాక, సెట్టింగులలో పటాల జాబితా తెరిచి కొత్తదాన్ని ఎంచుకుని పాతదాన్ని ఆపివేయడం మరవకూడదు. రెండూ ఆన్‌లో ఉంటే పాత రోడ్లు కొత్తవాటి మీద పడి తెర గందరగోళమవుతుంది. మన పల్లె రోడ్ల విషయంలో ఈ ఉచిత పటం ఒక్కోచోట కంపెనీ పటం కన్నా వివరంగా, మరోచోట బోసిగా ఉంటుంది. మీరు తరచు తిరిగే ఊళ్లను తెర మీద చూసుకుని నిర్ణయించుకోవాలి.

కారులో అమర్చడం, మొదటిసారి ఉపగ్రహాలను పట్టించడం

ముందు అద్దంలో డ్రైవర్ చూపుకు అడ్డురాని కింది మూల సరైన చోటు. ఎయిర్‌బ్యాగ్ మూత మీద గానీ, అది తెరుచుకునే దారిలో గానీ పరికరాన్ని పెట్టకూడదు. పరికరాన్ని పట్టి ఉంచే రబ్బరు కప్పును (సక్షన్ కప్) అంటించే ముందు అద్దాన్ని తడిగుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వాలి. దుమ్ము ఉంటే మొదటి గతుకులోనే ఊడిపడుతుంది. వైరు గేరు రాడ్‌కూ స్టీరింగ్‌కూ తగలకుండా డ్యాష్‌బోర్డు అంచు వెంట తీసుకువెళ్లాలి. సిగరెట్ లైటర్ సాకెట్‌లో కరెంటు రాకపోతే పరికరాన్ని తప్పుపట్టే ముందు కారు ఫ్యూజును, చార్జర్ మొనలో ఉండే చిన్న ఫ్యూజును చూడాలి. అద్దానికి లోహపు పూత ఉన్న ఎండ ఫిల్మ్ అంటించి ఉంటే ఉపగ్రహ సంకేతం బలహీనపడుతుంది.

మన ప్రాంతంలో వేసవి గురించి వేరుగా చెప్పాలి. నల్గొండలో మే నెల ఎండకు నిలిపి ఉంచిన కారు లోపలి వేడి 60 డిగ్రీలు దాటడం మామూలే. అద్దం దగ్గర ఇంకా ఎక్కువ. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు మించిన వేడిలో చార్జింగ్ చేయడం దానికి హాని చేస్తుంది. కారు దిగినప్పుడల్లా పరికరాన్ని తీసి వెంట తీసుకువెళ్లడం గానీ, కనీసం సీటు కిందో గ్లవ్ బాక్సులోనో పెట్టడం గానీ అలవాటు చేసుకోవాలి. దొంగల కంట పడకుండా కూడా ఉంటుంది. తిరిగి ఎక్కాక కారు లోపల కొంత చల్లబడిన తర్వాతనే చార్జర్ తగిలించాలి.

కొత్తగా కొన్నప్పుడు, లేదా నెలల తరబడి వాడకుండా ఉంచినప్పుడు, పరికరానికి ఏ ఉపగ్రహం ఎక్కడ ఉందో తెలియదు. ఒక్కో ఉపగ్రహం తన కక్ష్య వివరాలను 30 సెకన్లకోసారి పంపుతుంది. మొత్తం ఉపగ్రహాల పట్టిక అందడానికి 12.5 నిమిషాలు పడుతుంది. అందువల్ల మొదటిసారి చెట్టు కిందా పోర్టికోలో కాకుండా ఆరుబయట, కారును కదిలించకుండా ఓ పావుగంట ఉంచాలి. కారు కదులుతూ చెట్లు, భవనాలు అడ్డువస్తుంటే ఆ 30 సెకన్ల సందేశం మధ్యలో తెగి, మళ్లీ మొదటి నుంచి అందుకోవలసి వస్తుంది. ఆ తర్వాత రోజూ వాడే పరికరం చాలా త్వరగా స్థానాన్ని పట్టేస్తుంది.

స్థానం దొరికాక ‘నేను ఎక్కడ ఉన్నాను’ అన్న పేజీ తెరిచి అంకెలను సరిచూసుకోండి. నల్గొండ పట్టణంలో అక్షాంశం సుమారు 17.05, రేఖాంశం సుమారు 79.27 రావాలి. మహబూబ్‌నగర్‌లో సుమారు 16.74, 78.0 వస్తుంది.

గమ్యాన్ని నమోదు చేయడం

ఇక్కడ ఎక్కువ సమయం వెచ్చించాలి. పాత నావిగేటర్లలో ఊరి పేరును ఇంగ్లీషు అక్షరాల్లోనే వెతకాలి. మన ఊళ్ల పేర్లకు ఇంగ్లీషులో ఒకే స్పెల్లింగ్ ఉండదు. మహబూబ్‌నగర్‌ను, మిర్యాలగూడను, జడ్చర్లను ఒక్కో బోర్డు ఒక్కో విధంగా రాస్తుంది. పేరంతా కొట్టకుండా మొదటి మూడు నాలుగు అక్షరాలు మాత్రమే కొట్టి, వచ్చిన జాబితాలోంచి ఎంచుకోవడం మేలు. అప్పుడు కూడా పేరును చూసి తొందరపడకుండా, దాని పక్కన చూపే జిల్లాను, దూరాన్ని చదవాలి. అచ్చంపేట నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒకటి ఉంటే పల్నాడులో మరొకటి ఉంది. నిడమనూరు నల్గొండ జిల్లాలోనూ ఉంది, విజయవాడ దగ్గరా ఆ పేరుతో ఊరు ఉంది. కృష్ణా తీరపు కొల్లాపూర్‌కూ మహారాష్ట్రలోని కొల్హాపూర్‌కూ ఇంగ్లీషులో ఒక్క అక్షరమే తేడా. నల్గొండలో నిలబడి నిడమనూరు వెతికినప్పుడు దూరం వంద కిలోమీటర్లు దాటి కనిపిస్తే, అది మీరు అనుకున్న ఊరు కాదని అక్కడే తెలిసిపోతుంది.

పల్లెలోని పెళ్లి ఇంటికో, పొలానికో, తండాకో వెళ్లవలసి వస్తే పేరు వెతకడం మానేసి అక్షాంశ రేఖాంశాలు వాడటమే ఉత్తమం. అవతలివారిని వాట్సాప్‌లో లొకేషన్ పంపమని అడిగి, దాన్ని ఫోన్‌లోని పటంలో తెరిచి, ఆ చోట వేలితో నొక్కి పట్టుకుంటే రెండు సంఖ్యలు కనిపిస్తాయి. వాటిని కాగితం మీద రాసుకుని నావిగేటర్‌లో కోఆర్డినేట్స్ పేజీలో కొట్టాలి. దశాంశ బిందువు తర్వాత నాలుగు అంకెలు ఉంటే సుమారు 11 మీటర్ల లోపు కచ్చితత్వం వస్తుంది; అంతకన్నా తక్కువ అంకెలతో సరిపెట్టుకోకూడదు. దక్షిణ తెలంగాణలో మొదటి సంఖ్య 15 నుంచి 18 లోపు, రెండోది 77 నుంచి 80 దాకా ఉంటుంది. తారుమారు చేస్తే వెంటనే గుర్తుపట్టవచ్చు.

అంకెల రూపంలో జరిగే పొరపాటు మాత్రం అంత సులువుగా బయటపడదు. ఫోన్ చూపేది దశాంశ డిగ్రీలు. కొన్ని నావిగేటర్లు మొదటినుంచీ డిగ్రీలు, నిమిషాల రూపంలో ఉంటాయి. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి 17.05 డిగ్రీలంటే 17 డిగ్రీల 3 నిమిషాలు. దాన్ని 17 డిగ్రీల 5 నిమిషాలుగా కొడితే రెండు నిమిషాల తేడా వస్తుంది. అక్షాంశంలో ఒక నిమిషం సుమారు 1.85 కిలోమీటర్లు కాబట్టి మీరు గమ్యానికి 3.7 కిలోమీటర్లు ఉత్తరాన ఎవరి పొలంలోనో తేలుతారు. పరికరం ఏ హెచ్చరికా ఇవ్వదు. దాని దృష్టిలో అది కూడా సరైన చోటే. సెట్టింగులలో దశాంశ డిగ్రీల రూపాన్ని ఒకసారి ఎంచుకుంటే ఈ బెడద ఉండదు.

దారి నియమాలు: ‘దగ్గరి దారి’ని వదిలేయండి

చాలా నావిగేటర్లలో త్వరగా చేరే దారి, దగ్గరి దారి అని రెండు ఎంపికలు ఉంటాయి. డీజిల్ ఆదా అవుతుందని దగ్గరి దారిని ఎంచుకునేవారు చాలామంది ఉన్నారు. మన ప్రాంతంలో ఆ ఎంపిక మిమ్మల్ని సాగర్ ఎడమ కాలువ కట్టల మీదికీ, చెరువు కట్టల మీదికీ, ట్రాక్టర్లు మాత్రమే తిరిగే మట్టి బాటల్లోకీ తీసుకువెళ్తుంది. రెండు కిలోమీటర్లు తగ్గుతుందంటే అది ఏ రోడ్డయినా పరికరానికి ఒకటే. త్వరగా చేరే దారినే శాశ్వతంగా ఉంచి, మట్టి రోడ్లను వద్దనే ఎంపిక ఉంటే దాన్ని కూడా ఆన్ చేయాలి. వానాకాలంలో ఇది మరీ ముఖ్యం. దుందుభి వంటి వాగుల మీది లోలెవెల్ వంతెన మునిగిపోయిందో, చెరువు అలుగు పారి రోడ్డు తెగిపోయిందో నావిగేటర్‌కు తెలిసే మార్గమే లేదు. నీళ్లు రోడ్డు మీద పారుతుంటే తెర ఏం చెప్పినా ఆగి, ఆ ఊరివాళ్లను అడగాలి.

పడవ దారులను వద్దనే ఎంపిక మరొకటి ఉంటుంది. కృష్ణా తీరాన ఉన్నవాళ్లు దాన్ని తప్పక ఆన్ చేసుకోవాలి. కొన్ని పటాల్లో నదికి అడ్డంగా గీసిన పడవ దారిని పరికరం రోడ్డులాగే లెక్కవేస్తుంది. కొల్లాపూర్ దగ్గర సోమశిల రేవు వైపు వెళ్లి, నది ఒడ్డున కారుతో నిలబడవలసి రావచ్చు. టోల్‌ను తప్పించే ఎంపికను మాత్రం ఆన్ చేయమని నేను చెప్పను. నల్గొండ నుంచి హైదరాబాద్ వెళ్లేటప్పుడు పంతంగి టోల్ తప్పించబోయి పల్లెల గుండా తిరిగితే, ఆదా అయ్యే డబ్బు కన్నా పోయే సమయం, ఇంధనం ఎక్కువ.

ఒక ప్రయాణాన్ని సిద్ధం చేద్దాం: నల్గొండ నుంచి శ్రీశైలం

గమ్యంగా శ్రీశైలాన్ని, సుమారు 16.07, 78.87 దగ్గర, ఎంచుకుంటే పరికరం రెండు దారుల్లో ఏదైనా చూపవచ్చు. దేవరకొండ, డిండి, మన్ననూరు, దోమలపెంట మీదుగా వెళ్లేది ఒకటి. నాగార్జునసాగర్, మాచర్ల, ఎర్రగొండపాలెం, దోర్నాల మీదుగా వెళ్లేది మరొకటి. పరికరానికి నిర్ణయం వదిలేయకుండా, మధ్యలో ఆగే చోట్లుగా దేవరకొండను, మన్ననూరును చేర్చండి. అప్పుడు దారి మీరు అనుకున్నట్టే కుదురుతుంది. ఈ చోట్లను ఊరి లోపల కాకుండా ప్రధాన రహదారి మీదే గుర్తించాలి. లేకపోతే పరికరం మిమ్మల్ని ఊరి నడిబొడ్డుకు తీసుకువెళ్లి మళ్లీ వెనక్కి తిప్పుతుంది. మహబూబ్‌నగర్ నుంచి వెళ్లేవారు నాగర్‌కర్నూల్, అచ్చంపేట, మన్ననూరు అని చేర్చుకోవాలి. దారి కుదిరాక పటాన్ని చిన్నది చేసి మొత్తం గీతను కళ్లతో ఒకసారి అనుసరించి, మలుపుల జాబితాను చదివి, ఆ దారిని పేరు పెట్టి దాచుకోండి.

మన్ననూరును మధ్య మజిలీగా పెట్టడానికి మరో కారణం ఉంది. పులుల అభయారణ్యం కాబట్టి అక్కడి అటవీ చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను ఆపుతారు. ప్రయాణానికి ముందు ఆ వేళలను మరోసారి కనుక్కోవాలి. నావిగేటర్ చూపే చేరే సమయం రోడ్డు తరగతిని బట్టి ఊహించిన వేగాల నుంచి వస్తుంది. వడ్లు ఆరబోసిన రోడ్లు, బర్రెల మందలు, స్పీడ్‌బ్రేకర్లు, భోజనానికి ఆగడం దాని లెక్కలో ఉండవు. చెక్‌పోస్టుకు రాత్రి 8:40కి చేరుస్తానని అది చెబుతుంటే, ఆ రాత్రి దేవరకొండలోనే ఆగడం మంచిది. పెట్రోల్ బంకుల జాబితా కూడా పాత పరికరాల్లో నమ్మదగింది కాదు. అడవిలోకి వెళ్లకముందే ట్యాంకు నింపుకోవాలి.

దోమలపెంట తర్వాత ఘాట్ మలుపుల్లో కొండవాలు ఆకాశంలో ఒక పక్కను మూసేస్తుంది. బండరాళ్లకు తగిలి వచ్చిన సంకేతం వల్ల బాణం గుర్తు రోడ్డు పక్కకు జరగవచ్చు. అది లోపం కాదు. కొండల మధ్య వేగం తగ్గించి రోడ్డును చూసి నడపండి. లోయ దాటి పైకి రాగానే గుర్తు సర్దుకుంటుంది.

నడిపేటప్పుడు

గమ్యం నమోదు, మార్పులు అన్నీ కారు నిలిపి ఉన్నప్పుడే చేయాలి. కేంద్ర మోటారు వాహన నియమాల్లో 2020 అక్టోబరు 1 నుంచి అమలైన సవరణ, దారి చూసుకోవడానికి మాత్రమే చేతి పరికరాలను వాడుకోవడానికి వీలిచ్చింది. అయితే డ్రైవర్ ఏకాగ్రత చెడకూడదన్నది అందులోని షరతు. శబ్దం బాగా పెంచి, తెరను చూడకుండా వినడం అలవాటు చేసుకోండి. మన పల్లె రోడ్లకు పేర్లు ఉండవు కాబట్టి ‘500 మీటర్ల తర్వాత ఎడమకు’ అన్న మాటే ప్రధానం. ఆ దూరాన్ని కంటితో అంచనా వేయడం కొద్దిరోజుల్లోనే వస్తుంది.

జాతీయ రహదారి 65 మీద గానీ 44 మీద గానీ, ప్రధాన రోడ్డూ సర్వీస్ రోడ్డూ కొన్ని మీటర్ల దూరంలో పక్కపక్కనే పోతాయి. ఫ్లైఓవర్ పైన ఉన్నారా కింద ఉన్నారా అన్నది కూడా పరికరానికి సరిగా తెలియదు. నార్కట్‌పల్లి దగ్గర నల్గొండ వైపు దిగేటప్పుడో, జడ్చర్ల దగ్గర మహబూబ్‌నగర్ వైపు తిరిగేటప్పుడో, కిలోమీటరు ముందు నుంచే రోడ్డు మీది ఆకుపచ్చ బోర్డులను చదవాలి. బోర్డుకూ పరికరానికీ తేడా వస్తే బోర్డునే నమ్మాలి. మలుపు దాటిపోతే డివైడర్ దగ్గర రివర్స్ చేయవద్దు. ముందుకు పోనిస్తే పరికరం తదుపరి యూటర్న్ నుంచి దారిని మళ్లీ లెక్కగడుతుంది.

పరికరం చూపే వేగం కారు మీటరు కన్నా కొంచెం తక్కువగా ఉండటం చూసి చాలామంది కంగారుపడతారు. మీటర్లు అసలు వేగాన్ని తక్కువగా చూపకూడదన్న నియమం వల్ల తయారీదారులు వాటిని కొంత ఎక్కువ చూపేలా అమరుస్తారు. నిలకడగా, చదునైన రోడ్డు మీద పోతున్నప్పుడు జీపీఎస్ చూపేదే నిజానికి దగ్గరగా ఉంటుంది.

‘హోమ్’ బటన్‌కు మీ ఇంటిని కాకుండా, దగ్గరలోని చౌరస్తానో గుడినో నమోదు చేయండి. పరికరం పోతే దొరికినవారికి మీ ఇంటి దారి తెలియకుండా ఉంటుంది. ఎవరికైనా అమ్మేటప్పుడు దాచుకున్న చోట్లను, తిరిగిన దారుల చరిత్రను తుడిచి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి, మెమరీ కార్డును తీసుకుని మరీ ఇవ్వాలి.